బజర్‌లో గుడ్డ కుక్కారంటే తప్పు ఎక్కడుంది? మిర్చి కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లలో సమస్యలు - పరిష్కారాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు కంట్రోల్ ప్యానెళ్లు అమర్చడం నా పని. ప్యానెల్ పాడైందని ఫోను వస్తుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు యంత్రం బాగానే ఉంటుంది. దానికీ మనిషికీ పొత్తు కుదరదు, అంతే.

సమస్య: అలారం మోగినా ఎవరూ కదలరు

ఒకచోట రాత్రి డ్యూటీ ఆపరేటరు బజర్‌లో గుడ్డముక్క కుక్కి, పైన టేపు అంటించాడు. యజమాని మండిపడ్డారు. నేను ఆ కుర్రాడి పక్కన గంటసేపు కూర్చున్నాను. సీజను కావడంతో హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతూనే ఉన్నారు. తలుపు తెరిచినప్పుడల్లా ఛాంబర్ వేడెక్కి బజర్ మోగుతోంది. గదిని చల్లబరిచే విషవాయువు అమ్మోనియా లీకైనా అదే మోత. "ఏది నిజమో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కారణం: ప్రతి సెన్సరుకూ అలారం పెట్టాం, అది మోగితే మనిషి ఏం చేయాలో ఆలోచించలేదు. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు తొలి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అసలు సంగతి ఆ హోరులో మునిగిపోయింది.

పరిష్కారం: అలారాల జాబితా తీసి, ఒక్కొక్కదాని ఎదుట "ఇది మోగితే ఆపరేటరు ఏం చేయాలి?" అన్నదానికి జవాబు రాయండి. జవాబు దొరకనిదాన్ని బజర్ నుంచి తప్పించి రికార్డులో మాత్రమే ఉంచండి. తలుపు తెరిచినందువల్ల వచ్చే వేడికి బజర్ మోగేముందు కొన్ని నిమిషాల గడువు ఇవ్వండి. అమ్మోనియాకు వేరే మోత, వేరే దీపం ఉండాలి, గడువు అసలు ఉండకూడదు. మామూలు రోజుల్లో పది నిమిషాలకు ఒక అలారం మించితే జాబితా మళ్లీ తీయండి.

సమస్య: ఫ్యాన్ ఆపబోయి కంప్రెసర్ ఆపేస్తున్నారు

రెండు బటన్లూ ఒకే రంగు, ఒకే ఆకారం, పక్కపక్కనే. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 విమానాలకూ ఇదే జబ్బు. దిగాక ఫ్లాపులు (రెక్కల వెనక అంచున కిందికి వాలే పలకలు) ముడవబోయి పైలట్లు చక్రాలు ముడిచేసేవారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అల్ఫోన్స్ చపానిస్ పైలట్లను నిందించలేదు. చక్రాల మీటకు చక్రం ఆకారంలో పిడి, ఫ్లాపు మీటకు ఫ్లాపు ఆకారంలో పిడి తగిలించాడు. మీరూ బటన్లను దూరం జరపండి, కంప్రెసర్ బటన్‌కు మూత బిగించండి. మళ్లీ శిక్షణ ఇస్తామంటే నేను ఒప్పుకోను.

సమస్య: టచ్ స్క్రీన్ మొరాయిస్తోంది

చలిలోంచి వచ్చినవాడి చేతికి తొడుగులున్నాయి. తొడుగులతో పనిచేసే స్క్రీన్ గానీ, మామూలు బటన్లు గానీ పెట్టండి.

ఇవి మళ్లీ రాకుండా

ప్యానెల్ బిగించాక దిద్దాలంటే తీగలన్నీ విప్పాలి. కాబట్టి మనిషి దాన్ని ఎలా వాడాలన్న లెక్క కొనుగోలు ఒప్పందంలోనే ఉండాలి. "వాడటానికి సులువుగా ఉండాలి" అని రాస్తే పరీక్షించడం ఎవరితరం? "తొడుగులు వేసుకున్న ఆపరేటరు, ఎవరి సాయమూ లేకుండా, మొదటిసారికే సరైన కంప్రెసర్‌ను ఆపాలి" అని రాయండి. డ్రాయింగుపై సంతకం పెట్టకముందే ప్యానెల్‌ను అసలు కొలతల్లో అట్టమీద గీసి గోడకు అంటించండి. రాత్రి డ్యూటీవాళ్లనే పిలిచి, తెల్లవారుజామున మూడింటికి, హమాలీల సందడి మధ్యే చేయించి చూడండి.