రెక్క మీది నల్ల పట్టీని చూసేదెలా

లేత రంగు రెక్క మీద పల్చగా పట్టిన మంచు రాత్రిపూట కాక్‌పిట్ నుంచి మెడ తిప్పి చూస్తే ఏం కనపడుతుంది చెప్పండి? అందుకే కొన్ని విమానాల రెక్క ముందంచు దగ్గర నల్ల పట్టీ వేస్తారు.

ముందు రెక్క మీద పడే లైటు వేయండి, కిటికీకి లోపల ఆవిరి పట్టి ఉంటే తుడవండి. పట్టీని ఒక్క చూపు చూసి వదిలేయొద్దు, ఈ కొస నుంచి ఆ కొసదాకా నెమ్మదిగా చూడాలి. ఎక్కడైనా నలుపు బూడిద రంగుకి తిరిగినా, గీత అంచు మసకబారినా మంచు పట్టిందనే అనుకోండి. అంతా నల్లగా ఉందా? అప్పుడూ నమ్మకండి. గాజులాంటి మంచు కింద నలుపు నలుపుగానే కనిపిస్తుంది, పైగా వాన తడిలాగే మెరుస్తుంది.

1992 మార్చి 22 రాత్రి న్యూయార్క్ లాగార్డియాలో జరిగింది ఇదే. యూఎస్ఎయిర్ 405, ఫోకర్ ఎఫ్-28 రకం జెట్ విమానం. రెండుసార్లు డీఐసింగ్ (మందు ద్రవం చల్లి మంచు పోగొట్టడం) చేశారు, రెండోదాని తర్వాత టేకాఫ్‌కి 35 నిమిషాలు పట్టింది. ఈలోపు కో-పైలట్ రెక్కనీ, నల్ల పట్టీనీ చూశాడు, మంచేమీ కనపడలేదు. విమానం లేవలేక నీళ్లలో పడింది, 51 మందిలో 27 మంది పోయారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల మంచు పలుకులు చదరపు సెంటీమీటరుకి ఒకటి చొప్పున ఉన్నా లిఫ్ట్ (విమానాన్ని పైకి లేపే బలం) ఐదో వంతుకు పైగా పడిపోతుందని ఆ దర్యాప్తు నివేదికలో ఉంది. అంత చిన్న పలుకు కాక్‌పిట్ నుంచి కనపడదు. కాబట్టి మంచు కురుస్తుంటే, డీఐసింగ్ అయ్యి చాలాసేపైతే, క్యాబిన్‌లోకి వెళ్లి రెక్క పక్క కిటికీలోంచి చూడండి, అప్పటికీ అనుమానం తీరకపోతే మళ్లీ డీఐసింగే.

గాల్లో ఉన్నప్పుడు అంత దూరం చూడక్కర్లేదు. ఎయిర్‌బస్ ఏ320లో ముందు అద్దాల మధ్య బయట చిన్న కడ్డీ ఉంటుంది, ఏటీఆర్ విమానంలో అయితే కెప్టెన్ పక్క కిటికీ బయట. సన్నటి వాటికి మంచు తొందరగా పడుతుంది, కాబట్టి ముందు తెలిసేది అక్కడే.

బోయింగ్ 737 రెక్క పైన కనిపించే నల్ల గీతల గడి సంగతి వేరు. రెక్క లోపల చల్లబడిన ఇంధనం వల్ల పట్టే పల్చటి మంచు ఆ గడి లోపలైతే, కొన్ని షరతుల మీద, ఉన్నా ఎగరొచ్చు. గీత దాటితే కుదరదు.

కిటికీ సీట్లో కూర్చున్నవాళ్లకీ ఒక మాట. కదలబోయే ముందు రెక్క మీద మంచు కనిపిస్తే మొహమాటపడకుండా క్యాబిన్ సిబ్బందికి చెప్పండి. 1989లో కెనడాలోని డ్రైడెన్‌లో కూలిన విమానంలో ప్రయాణికులుగా ఉన్న ఇద్దరు పైలట్లకి రెక్క మీద మంచు కనపడింది. కాక్‌పిట్‌లో వాళ్లకి తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నారు.