గాలి అక్కర్లేని ప్రాణులను సీసాలో పెంచడం

ఆక్సిజన్ తగిలితే చచ్చిపోయే ప్రాణులు కూడా ఉంటాయంటే మా క్లాసులో పిల్లలు నమ్మలేదు. సీసా చూపించాక నమ్మారు. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880లలో చేసి చూపిన పద్ధతి ఇది.

చెరువు అంచున, నీళ్ల అడుగున ఉండే నల్లబురద కావాలి. పైపైన ఉండేది కాదు, లోపల తవ్వితే కుళ్లిన గుడ్డు వాసన కొట్టేది. గ్లవ్స్ వేసుకోండి. రాళ్లు, పుల్లలు ఏరేసి, ఆ చెరువు నీళ్లే పోసి గరిటెజారుగా కలపండి. అందులో మూడో వంతు విడిగా తీసి, చించిన న్యూస్‌పేపరు గుప్పెడు, ఒక పచ్చసొన, చెంచాడు గుడ్డు పెంకుల పొడి కలిపి లీటరు గాజు సీసా అడుగున వేయండి. పేపరు ఆ ప్రాణులకు, అంటే బురదలోని బాక్టీరియాకు, తిండి; సొనలో గంధకం ఉంటుంది. మిగతా బురద దానిమీద వేసి, సన్నటి కర్రతో పొడుస్తూ బుడగలన్నీ పోగొట్టండి. ఈ పని మాత్రం తొందరపడి చేయొద్దు. పైన రెండు వేళ్ల మందాన నీళ్లు నిలవాలి. లోపల గ్యాస్ పుడుతుంది కాబట్టి మూత బిగించకుండా ప్లాస్టిక్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేయండి. వెలుతురు బాగా ఉండి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పెట్టండి.

ఇక ముట్టుకోవద్దు. మొదటిసారి మూడు వారాలైనా రంగులు రాలేదని టెన్షన్ పడి నేను కర్రతో కలిపేశాను. అప్పటికే అడుగున పట్టిన నలుపు గాలి తగిలి గోధుమరంగుకు తిరిగిపోయింది. మళ్లీ మొదటినుంచి చేశాను.

ఆ నలుపే తొలి విజయం. డీసల్ఫోవిబ్రియో లాంటి బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేటుతో (గంధకం ఉన్న లవణం) శ్వాసించి, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వదులుతాయి. అది బురదలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆరేడు వారాలకు నలుపు పైన ఆకుపచ్చ మరకలు, వాటిపైన ఊదా చారలు కనిపిస్తాయి. మా సీసాలో మొదటి ఊదా మచ్చ కందిగింజంత ఉంది, వారంలో అరచేతి వెడల్పైంది. ఈ ఆకుపచ్చ, ఊదా మరకలూ బాక్టీరియానే. ఇవీ వెలుతురుతోనే ఆహారం తయారుచేసుకుంటాయి, కానీ మొక్కల్లా నీటిని కాక ఆ దుర్వాసన వాయువును వాడుకుంటాయి. అందుకే ఆక్సిజన్ వదలవు.

వీలైతే ఇంకో సీసా కూడా ఇలాగే నింపి, చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి పక్కనే పెట్టండి. రెండు నెలల తర్వాత ఫాయిల్ విప్పితే నలుపు ఉంటుంది, ఆకుపచ్చ, ఊదా ఉండవు. పారబోసేటప్పుడు ఆరుబయటే తెరవండి, ఆ వాయువు విషం.