పులి ఫోటో పాలిపోయినట్టు వస్తోందా? లెన్స్‌ని అనుమానించే ముందు జాలీ మీద ఎండ చూడండి

సమస్య: రెస్క్యూ సెంటర్‌లో జాలీ బయట నుంచి తీశారు, పులి కన్ను షార్ప్‌గానే ఉంది, కానీ ఫోటో మొత్తం మీద పల్చటి పొగ కమ్మినట్టుంది, నల్ల చారలు బూడిద రంగులోకి దిగిపోయాయి.

తీగ షార్ప్‌గా వచ్చి పులి మసకబారితే అది వేరే సంగతి, ఫోకస్ జాలీని పట్టుకుంది. ఫోకస్‌ని సింగిల్ పాయింట్‌లో (ఒకే చుక్క మీద) పెట్టి జాలీ కన్నంలోంచి పులిని పట్టండి, లెన్స్‌కి ఫోకస్ లిమిటర్ (మరీ దగ్గరి వాటిని ఫోకస్ పట్టకుండా ఆపే స్విచ్) ఉంటే వాడండి, అంతే.

ఈ పొగకి మాత్రం నూటికి తొంభైసార్లు కారణం తీగ మీద పడే ఎండే. నేను లెన్స్‌లో ఫంగస్ పట్టిందనుకుని సర్వీస్‌కి కూడా ఇచ్చాను, ఏమీ లేదని తిరిగొచ్చింది, మళ్లీ అదే పొగ. ఒకరోజు సూర్యుడికి కాసేపు మబ్బు అడ్డొచ్చింది, అదే పులి, అదే చోటు, ఆ కాసేపట్లో తీసిన నాలుగు ఫ్రేములు మాత్రం కడిగినట్టున్నాయి! ఎఫ్/4లో (లెన్స్ బాగా తెరిచి), 300 ఎంఎంలో (దూరాన్ని దగ్గరికి లాగే లెన్స్‌తో) తీస్తే తీగ కనపడకుండా కరిగిపోతుంది కదా అనుకుంటాం, కానీ కరిగేది దాని ఆకారమే, దాని మీద నుంచి వచ్చే వెలుతురు ఎక్కడికీ పోదు, ఫ్రేమంతా పరుచుకుంటుంది. పులి నీడలో ఉండి తీగ ఎండలో ఉంటే ఇంకా ఘోరం, ఎందుకంటే నీడకి ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) పెంచిన కొద్దీ తీగ వెలుగు కూడా పెరుగుతుంది. మెరిసే జింకు తీగ అయితే మరీను, నల్ల రంగు వేసిన జాలీ చాలా నయం.

అందుకే కెమెరా తీసే ముందే ఎన్‌క్లోజర్ చుట్టూ ఒకసారి నడవండి, చెట్టు నీడో గోడ నీడో జాలీ మీద పడుతున్న వైపు నిలబడండి, ఆ నీడ చేతి వెడల్పు ఉన్నా చాలు, లెన్స్ దాని ఎదురుగా ఉంటే సరిపోతుంది. నీడ ఎక్కడా లేకపోతే ఎండ మారేదాకా ఆగండి. పులి జాలీకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది, ఆనుకుని పడుకుంటే ఏ సెట్టింగూ కాపాడదు. జాలీ దగ్గరికి వెళ్తే బావుంటుందని బారికేడ్ దాటకండి, చెయ్యి చాపకండి, పంజా బయటికి రావడానికి కన్నుమూసి తెరిచేంత టైమ్ కూడా పట్టదు. ఫ్లాష్ అసలే వద్దు, తీగ ఇంకా తెల్లగా మెరుస్తుంది, దెబ్బలు తిని వచ్చిన జంతువు బెదురుతుంది.

నల్ల చిరుత మరీ తెల్లగా వస్తే అది వేరే సంగతి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 1కి దించండి. ఈ పొగకి చవక యూవీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే గాజు), వేడి గాలి లాంటి కారణాలు కూడా ఉంటాయిగానీ అవి అరుదు, ఎండ చూశాకే వాటి జోలికి వెళ్లండి.