వేసవి లోడ్లకి ముందు పికప్ ముందు గార్డుని ఒకసారి చూడండి

మార్చి దాటితే మన దిక్కున పికప్ బండ్లకి తీరిక ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి పిక్కలు మొదలవుతాయి, వెనకే విజయనగరం తోటల మామిడి వస్తుంది, మధ్యలో పుచ్చకాయలు. కొబ్బరీ చేపలూ ఏడాది పొడుగునా ఉన్నవే. వీటిలో చాలా లోడ్లు ఒడిశా వైపు పోతాయి. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, జయపురం పోయేవి కొన్ని, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయేవి కొన్ని. రోహిణి కార్తె ఎండలో, నిండు లోడుతో, రెండో గేరులో కొండెక్కే ఇంజిన్‌కి గాలి ఎంత అవసరమో ఆ రోజుల్లోనే తెలుస్తుంది. సరిగ్గా ఆ గాలి వచ్చే దారికే మనం ఇనుప గార్డు, దాని మీద జాలీ, పైన ఎల్‌ఈడీ లైట్ల బారు, మధ్యలో ఓనరు పేరు రాసిన బోర్డు బిగిస్తున్నాం.

బొలెరో పికప్, యోధా, ఇంట్రా, దోస్త్... ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిల్ పికప్‌లన్నీ దాదాపు టర్బో బండ్లే. టర్బో లేని పాత బండికి రేడియేటర్ ఒక్కటీ చల్లగా ఉంటే సరిపోయేది. టర్బో బండికి ఇంటర్‌కూలర్ అని ఇంకొకటి ఉంటుంది. గార్డు దెబ్బ ముందు దానికే తగులుతుంది, ఆ సంగతి చెప్పే మీటరు మన డ్యాష్‌బోర్డు మీద లేదు. నీళ్ల టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉండగా ఇంజిన్ లోపల వేడి పెరుగుతూ పోతుంది. ఈ రాత అంతా ఆ ఒక్క విషయం కోసమే.

సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తోసుకుంటూ పోతే టర్బో చక్రం నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరుగుతుంది. ఆ ఊపుతో బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజిన్‌లోకి పంపిస్తుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే కింద గొట్టం కాలేది అందుకే. బయట 40 డిగ్రీల ఎండ ఉందనుకోండి. ఆ గాలిని రెట్టింపు పీడనానికి నొక్కేసరికి 130 డిగ్రీల దాకా పోతుంది. అంత వేడి గాలిని సూటిగా ఇంజిన్‌కి పెట్టకూడదు కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లారుస్తారు. అది అల్యూమినియం రేకుల పెట్టె, చూడడానికి రేడియేటర్‌కి తమ్ముడిలా ఉంటుంది. చాలా బండ్లలో రేడియేటర్‌కి ముందు, గ్రిల్ వెనకే ఉంటుంది. కొన్నిటికి పక్కన ఉంటుంది. బానెట్ మీద గాలి తొట్టి ఉన్నవాటికి ఇంజిన్ పైన ఉంటుంది, వాటికి గార్డుతో ఈ బాధ తక్కువ. మీ బండిది ఎక్కడుందో బానెట్ ఎత్తి చూసుకోండి. టర్బో నుంచి బయల్దేరిన లావు రబ్బరు గొట్టం ఎటు పోతే అక్కడుంటుంది.

ఇంటర్‌కూలర్ మీదికి గాలి తగ్గితే 60 డిగ్రీలకి చల్లారాల్సిన గాలి 80 దగ్గరే ఆగిపోతుందనుకుందాం. అంతే పీడనంలో లోపలికి పోయే గాలి బరువు సుమారు 6 శాతం పడిపోతుంది. వినడానికి చిన్న అంకె. కానీ డీజిల్ అంతే పడుతుంటే, కాలడానికి చాలినంత గాలి లేక పొగ వేడి పెరుగుతుంది, ఆ పొగే మళ్లీ టర్బో మీద పడుతుంది. పాత పంపు బండ్లయితే నల్ల పొగ కక్కి మనకి చెప్పేవి. డీజిల్ ఎంత పడాలో కంప్యూటరే చూసుకునే కొత్త కామన్ రైల్ బండ్లలో ఆ కంప్యూటర్ వేడిని పసిగట్టి డీజిల్ తగ్గిస్తుంది, అప్పుడు డ్రైవరు ‘పుల్లింగ్ లేదు’ అంటాడు. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బీఎస్-6 బండిలో నల్ల పొగ బయటికి కనపడదు. మసి ఫిల్టర్‌లో పేరుకుంటుంది, శుభ్రం చేసుకోమని లైటు మాటిమాటికీ వెలుగుతుంది. ఆ లైటు చూసి సెన్సర్ పోయిందని మార్పించుకునేవాళ్లున్నారు. గ్రిల్ ముందు ఏముందో ఎవరూ చూడరు.

గ్యారేజీలో తరచూ వినే మాట ఇది.

"ముల్లు సగం దాటలేదన్నా, హీటు ఎక్కడిది?"

"అది నీళ్ల వేడి తమ్ముడూ. గాలి వేడి నీకు చూపించదు. లోడు మీద ఉన్నప్పుడు చూద్దాం, పద."

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఇప్పుడు చాలా గ్యారేజీల్లో ఉంది. లోడు బండి ఎక్కుడు ఎక్కి ఆగిన వెంటనే, ఇంజిన్ నడుస్తుండగానే, ఇంటర్‌కూలర్‌కి పోయే గొట్టం మీదా, దాంట్లోంచి వచ్చే గొట్టం మీదా కొట్టి చూడండి. ఫ్యాన్‌కీ బెల్టుకీ చేతులు దూరంగా ఉంచండి. గొట్టం పైన తీసిన అంకె లోపలి గాలి వేడికి సరిగ్గా సమానం కాదు కానీ, తేడా ఎంతుందో తెలియడానికి చాలు. తర్వాత గార్డు విప్పి, అదే లోడు, అదే ఎక్కుడు, అదే వేళకి మళ్లీ చూడండి. బయటికి వచ్చే గొట్టం వేడి బాగా తగ్గితే అడ్డం ఎక్కడుందో తేలిపోయినట్టే. రెండు సార్లూ ఒకేలా ఉంటే గార్డు మీద నేరం మోపకండి, లోపల వెతకాలి.

గార్డులన్నీ ఒక్కటి కాదు. బంపరు ముందు రెండు పైపులు వంచి పెట్టినది గాలిని పెద్దగా ఆపదు. దాని గొడవ వేరే, కింద చెప్తాను. అసలు ఇబ్బంది పెట్టేవి గ్రిల్ మొత్తాన్ని కప్పే రేకు గార్డులు, వాటికి తోడయ్యే సామాన్లు. పురుగులు పడకుండా కట్టే దోమల జాలీ అన్నిటికంటే చెడ్డది. కొత్తలో గాలి కొంత ఆపుతుంది, రెండు రాత్రులు హైవే మీద తిరిగేసరికి పురుగులూ దుమ్మూ అంటుకుని గోడైపోతుంది. ఎల్‌ఈడీ బారు గ్రిల్ మధ్యకి రావడం, నంబర్ ప్లేటు బంపరు మీంచి పైకి ఎక్కడం, దేవుడి బొమ్మ రేకు... ఒక్కోటీ చిన్నదే, కలిస్తే సగం గ్రిల్ మూసుకుపోతుంది. ఫ్యాన్‌కి విస్కస్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని గట్టిగా తిప్పించే భాగం) ఉన్న బండ్లలో మధ్య భాగం మూయడం మరీ ప్రమాదం. ఆ క్లచ్ ముందున్న చిన్న స్ప్రింగ్ రేడియేటర్ మధ్యలోంచి వచ్చే గాలి వేడిని బట్టే ఫ్యాన్‌ని పట్టిస్తుంది. మధ్యలో గాలి ఆడకపోతే ఫ్యాన్ సమయానికి పట్టదు.

సీజన్ మొదలయ్యే ముందు ఒక పూట ఈ పనికి పెట్టుకోండి. గార్డు విప్పండి. విప్పాక ఇంటర్‌కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోకి టార్చి వేసి చూడండి. మన జిల్లాల్లో అక్కడ ఏం దొరుకుతుందో చూస్తే నమ్మలేరు. రోడ్డు మీద ఉలవలు, చోళ్లు పరిచి బండ్ల చేత తొక్కించే ఊళ్లు మనకి చాలా ఉన్నాయి. ఆ పొట్టంతా ఎగిరి ముందు నుంచి దూరుతుంది. ఉద్దానం బండ్లలో కొబ్బరి పీచు దొరుకుతుంది, రేకుల మధ్య చాపలా అల్లుకుపోయి ఉంటుంది. బయటి నుంచి ఇంటర్‌కూలర్ శుభ్రంగా కనిపిస్తుంది, వెనకాల రేడియేటర్ ముఖం మీద మాత్రం వేలు మందాన చెత్త. రేడియేటర్ వెనక బల్బు పెట్టి ముందు నుంచి చూడండి, వెలుగు రాని చోట గాలి కూడా రాదు. కడిగేటప్పుడు ఇంజిన్ చల్లారి ఉండాలి. నీళ్లు ఇంజిన్ వైపు నుంచి ముందుకి పోయేలా కొట్టండి, లేకపోతే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వద్దు. రేకులు పడుకుండిపోతే అవే అడ్డంగా తయారవుతాయి.

అదే పూట మిగతావీ చూసేయండి. గార్డు విప్పినా పుల్లింగ్ రాని బండ్లలో ఎక్కువసార్లు దొరికేది టర్బో గొట్టం క్లిప్పు వదులైపోవడమే. గొట్టం చివర నూనె జిడ్డుతో దుమ్ము పట్టి ఉంటే అక్కడి నుంచి గాలి పోతోందని అర్థం. ఎయిర్ ఫిల్టర్ దులిపి పెట్టుకోవడం మానేసి మార్చండి. రేడియేటర్ మూతలో స్ప్రింగ్, రబ్బరు చూడండి. ఆ మూత పీడనం పట్టి ఉంచితేనే నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, రబ్బరు పోయిన మూతతో అంతకంటే ముందే పొంగిపోతాయి. కూలెంట్ తగ్గినప్పుడు దారిలో బోరింగు నీళ్లు పోసుకుంటూ పోతే లోపల సున్నం కడుతుంది. తీరం పక్క ఊళ్ల ఉప్పు నీళ్లయితే ఇంకా త్వరగా తినేస్తాయి. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ క్యాను ఒకటి సీటు వెనక పడేసుకోండి.

గార్డు మళ్లీ బిగించాలా? నా మాట వద్దనే. ఇంజిన్ సంగతి అలా ఉంచండి, చట్టం కూడా ఒప్పుకోదు. వాహనాలకి క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమనీ, చర్య తీసుకోవాలనీ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఢీకొన్నప్పటి సంగతి. బండి ముందు భాగం నలిగి దెబ్బని తినేలా తయారుచేస్తారు. గట్టి గార్డుని ఛాసిస్‌కి బోల్టు వేస్తే ఆ దెబ్బ నలక్కుండా నేరుగా ఛాసిస్‌కీ, క్యాబిన్‌లో ఉన్న మనకీ వస్తుంది. ఎయిర్‌బ్యాగున్న బండిలో సెన్సర్ లెక్క తప్పి అది వేళకి తెరుచుకోకపోవచ్చు. సందులోంచి రోడ్డు మీదికి వచ్చే పిల్లాడికి బంపరు తగలడం ఒకటి, ఇనుప పైపు తగలడం ఒకటి. సరిగ్గా తల ఎత్తులో ఉంటుందది.

రాత్రిపూట హైవే మీద పశువులు అడ్డం వస్తాయి, గార్డు లేకపోతే రేడియేటర్ పగిలి నడిరోడ్డు మీద ఉండిపోతామని డ్రైవర్లు అంటారు. అది ఉత్త మాట కాదు, ఆ భయం నిజమే. కానీ గేదెని నిండు వేగంలో గుద్దితే పైపు గార్డు వెనక్కి వంగి అదే రేడియేటర్‌లోకి దిగుతుంది. దానికి బదులు హెడ్‌లైట్ల అమరిక సరిచేయించండి, మబ్బు పట్టిన లైటు అద్దాలు మార్పించండి, ఊళ్ల దగ్గర రాత్రి వేగం తగ్గించండి. ఓనరు ససేమిరా అంటే కనీసం జాలీ, పేరు బోర్డు, లైట్ల బారు తీయించి, ఈ సీజన్ గడిచేదాకా గార్డుని షెడ్డులో పెట్టించండి. మందం గార్డయితే ఇద్దరు కలిసి ఎత్తాల్సిన బరువు. అది దిగితే ముందు కమాన్లకీ కొంత సుఖం.

ఇక ఘాట్ దగ్గర. కింద సాలూరులో ఒకసారి ఆగి కూలెంట్ మట్టం, టైర్లు చూసుకోండి. వీలైతే తెల్లవారుజామున ఎక్కేయండి. పైకి పోతున్నప్పుడు బండి వేగం తక్కువ, ఎదురుగాలి ఉండదు, వచ్చే గాలంతా ఫ్యాన్ లాగిందే. అందుకని పెద్ద గేరులో గుద్దుకుంటూ పోకుండా ఒక గేరు దించి ఇంజిన్‌ని తేలిగ్గా తిరగనివ్వండి, ఫ్యాన్ కూడా గట్టిగా తిరుగుతుంది. పుల్లింగ్ తగ్గినట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ ఇంకా తొక్కడం పనికిరాదు. ఏసీ ఉంటే ఆపేయండి. నీడ, వెడల్పు ఉన్న చోటు చూసి పక్కకి తీయండి.

ఆపిన వెంటనే తాళం తిప్పేయకండి. ఎక్కుడు మీద కష్టపడిన టర్బో ఎర్రగా కాలి ఉంటుంది, దాని బేరింగ్‌కి నూనె ఇంజిన్ నడిస్తేనే అందుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో వదిలేసి ఆపండి. లేకపోతే ఆ నూనె అక్కడే మాడి బొగ్గవుతుంది, తర్వాత టర్బో ఈల వేయడం మొదలుపెడుతుంది. ఆవిరి చిమ్ముతుంటే, కూలెంట్ కారిపోయి ఉంటే మాత్రం నడపకూడదు, వెంటనే ఆపేయాలి. వేడి మీద మూత తీయొద్దు. మొహం మీద కొట్టే ఆ నీళ్లు చర్మం ఊడదీస్తాయి. ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడం కూడా వద్దు, హెడ్డు పగుళ్లిస్తుంది. అరగంట తక్కువ కాకుండా ఆగి, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, గుడ్డ వేసి మూత కొంచెం కొంచెంగా తిప్పండి.

నీళ్లు నింపి స్టార్ట్ చేసేముందు ఆయిల్ స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాల టీ రంగులోకి మారినా, రేడియేటర్‌లో నీళ్ల మీద నూనె తేలినా ఇంజిన్ హెడ్డు కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అర్థం. ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకుండా, లోడు వేరే బండిలోకి మార్చి, దీన్ని కట్టి లాగించండి.