కొత్త మోడల్ స్పోర్ట్స్ కారు మొదటి ఏడాదే కొనొచ్చా? గోదావరి జిల్లాల వాళ్లు బుకింగ్‌కు ముందు చూసుకోవలసినవి

రీడిజైన్ అయిన స్పోర్ట్స్ కారుకి బుకింగ్ డబ్బు కట్టే ముందు ఒక తేదీ కనుక్కోండి. ఆ కారు తయారీ ప్రపంచంలో మొట్టమొదట ఎప్పుడు మొదలైంది? మన దేశంలో విడుదలైన తేదీ లెక్కలోకి రాదు. ఇక్కడ మొదటి ఏడాది అయినంత మాత్రాన ఆ కారుకే మొదటి ఏడాది అనుకోకూడదు.

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ సంగతే తీసుకోండి. ఎనిమిదో తరం గోల్ఫ్ యూరప్‌లో 2019 చివర్లో వచ్చింది. మొదట్లో సాఫ్ట్‌వేర్ సతాయించింది, ఎమర్జెన్సీ కాల్ వ్యవస్థలో లోపం బయటపడి 2020 మేలో డెలివరీలే ఆపేశారు. చీకట్లో కనపడని టచ్ స్లైడర్లు, స్టీరింగ్ మీద టచ్ బటన్లు వాడేవాళ్లని విసిగించాయి. 2024లో చేసిన మార్పుల్లో స్లైడర్లకి లైటు పెట్టారు, స్టీరింగ్ మీదికి మామూలు బటన్లు తిరిగొచ్చాయి. 2025 మేలో మన దేశానికి వచ్చిన జీటీఐ (గోల్ఫ్‌లో స్పోర్ట్స్ రకం) ఈ సరిదిద్దిన కారే. అదే ఏడాది అక్టోబరులో వంద కార్లుగా వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ కూడా అలాంటిదే. ఇలాంటి వాటికి "మొదటి ఏడాది" భయం అక్కర్లేదు.

బీఎండబ్ల్యూ ఎం2 కథ వేరు. 2022 అక్టోబరులో ప్రపంచానికి చూపించి 2023 మేలో 98 లక్షల ఎక్స్ షోరూమ్ ధరకి ఇక్కడ పెట్టారు. అంటే ఇక్కడి మొదటి ఏడాదీ అక్కడి మొదటి ఏడాదీ ఒకటే. 2024 చివర్లో అదే కారు 1.03 కోట్లకి వచ్చింది, ఇంజన్ శక్తి మాత్రం 460 నుంచి 480 హార్స్‌పవర్‌కి పెరిగింది. మొదటి ఏడాది కొన్నవాళ్ల బండిలో లోపమేమీ లేదు. అయినా అమ్మేటప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న "ఇది 460దా, 480దా?" అనే. అమెరికాలో టయోటా సుప్రా 2020లో 335 హార్స్‌పవర్, మరుసటి ఏడాదే 382. మాజ్డా ఎంఎక్స్-5 2016లో 155, 2019లో 181. స్పోర్ట్స్ కార్లలో ఇది మామూలే. రెండో ఏడో మూడో ఏడో శక్తి పెంచితే మళ్లీ కొనేవాళ్లు దొరుకుతారని కంపెనీలకి తెలుసు.

ఏం మారిందో లెక్కపెట్టండి

ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం), ఇంజన్, గేర్‌బాక్స్, వైరింగూ సాఫ్ట్‌వేరూ. ఈ నాలుగింటిలో కొత్తవెన్ని? ఒకటే కొత్తదైతే మొదటి ఏడాది కొన్నా పెద్దగా తేడా రాదు. రెండైతే ఆలోచించాలి. ఇంజన్, సాఫ్ట్‌వేర్ రెండూ కొత్తవైతే ఆగడమే మంచిది. ఒకే పేరు మీద వచ్చే కార్లలో కూడా ఈ లెక్క మారుతుంది. 2024 మేలో మార్పులతో వచ్చిన పోర్షే 911లో మామూలు కరెరాకి పాత 3.0 లీటర్ల ట్విన్ టర్బో ఇంజనే కొనసాగింది. కరెరా జీటీఎస్‌కి మాత్రం సరికొత్త 3.6 లీటర్ల ఇంజన్, ఎలక్ట్రిక్ మోటారుతో తిరిగే టర్బో, హైబ్రిడ్ బ్యాటరీ పెట్టారు. బాడీ చూస్తే రెండూ 911లే, రిస్కు మాత్రం ఒకటి కాదు.

మొదటి ఏడాది లోపాలు రావడానికి కారణం ఇంజనీర్ల అశ్రద్ధ కాదు. పరీక్షలకి తిప్పిన కార్లు చేత్తో, శ్రద్ధగా కట్టినవి. కొన్నవాళ్ల చేతికొచ్చేవి కొత్త అచ్చుల్లోంచి, సప్లయర్లు కొత్తగా మొదలెట్టిన బ్యాచుల్లోంచి వచ్చిన భాగాలతో, లైను మీద వేగంగా బిగించినవి. ఒక బోల్టు బ్యాచ్ తేడా వచ్చినా అది వేల కార్లు రోడ్డెక్కాకే తెలుస్తుంది. 2014 పోర్షే 911 జీటీ3లో కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులై రెండు కార్లు తగలబడ్డాయి. కంపెనీ 785 కార్లకి ఇంజన్లే మార్చింది. 2015 కార్వెట్ జడ్06 ట్రాక్ మీద వేడెక్కిపోయేది, 2017 మోడల్‌కి బానెట్ మీద గాలి కన్నాలు పెద్దవి చేశారు. ఎంఎక్స్-5 మొదటి కార్లలో గేర్‌బాక్సులు పోతే తర్వాత వాటిని బలపరిచారు.

ఏడాది ఆగితే అన్నీ బయటపడతాయని కూడా అనుకోవద్దు. 2012, 2013లలో తయారైన సుబారు బీఆర్‌జడ్, దాని జంట టయోటా కార్లలో వాల్వ్ స్ప్రింగుల రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లని వెనక్కి పిలవడం) 2018లో వచ్చింది. బిగింపు లోపాలు, సాఫ్ట్‌వేర్, లీకులు, వేడి సమస్యలు చాలావరకు మొదటి పన్నెండు, పద్దెనిమిది నెలల్లో తేలతాయి. లోహం అలసటతో వచ్చేవి ఆలస్యంగా వస్తాయి. వాటికి వారంటీ పొడిగింపే మందు.

అందుకని ప్రపంచ తయారీ మొదలైన దగ్గర్నుంచి ఏడాదిన్నర లెక్కేయండి. యూరప్ కంపెనీలు చిన్న చిన్న మార్పులు ఏడాది మధ్యలోనే పెడతాయి. బీఎండబ్ల్యూ అయితే సాధారణంగా మార్చి, జులై, నవంబరు నెలల్లో. కాబట్టి డీలర్ని అడగాల్సింది "2025 మోడలా" అని కాదు, "ఏ నెలలో తయారైంది" అని. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొడితే రీకాళ్లు, ఓనర్ల ఫిర్యాదులు, డీలర్లకి కంపెనీ పంపిన సర్వీస్ బులెటిన్లు ఉచితంగా కనిపిస్తాయి. ఆ కారు అమెరికాలో అమ్ముతుంటే ఒక సాయంత్రం కూర్చుని చదవండి. ఒకే భాగం పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే అదే మీ ప్రశ్న.

ఇంపోర్ట్ బ్యాచ్‌గా వంద, నూట యాభై వచ్చే కార్ల విషయంలో ఆగుదామంటే కుదరదు, కారే అయిపోతుంది. అక్కడ ప్రపంచ తేదీ పాతదైతే వెంటనే బుక్ చేయండి, కొత్తదైతే వదిలేయండి.

మన రోడ్డుకి సరిపోతుందా

కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ కారుకి అసలు పరీక్ష హైవే మీద ఉండదు. రావులపాలెం నుంచి తణుకు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ కారైనా పోతుంది. హైవే దిగి కాలవ గట్టు ఎక్కాక ఉంటుంది తంటా. ప్రతి ఊరి మొదట్లో, బడి దగ్గర, గుడి దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ దిమ్మ.

స్పీడ్ బ్రేకర్ ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు, వెడల్పు కూడా చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం దిమ్మ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. అంత వెడల్పు దిమ్మ మీద 2.6 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు సరిగ్గా నడిమధ్యకి వస్తే చక్రాల మట్టానికి పైన దిమ్మ లేచేది 5 సెంటీమీటర్లే. 120 మిల్లీమీటర్ల క్లియరెన్స్ (రోడ్డుకీ కారు అడుగుకీ మధ్య ఎత్తు) ఉన్న కారు హాయిగా దాటుతుంది. మన ఊళ్లలో సిమెంటుతోనో తారుతోనో పోసిన దిమ్మలు అరమీటరు వెడల్పు, ఐదారంగుళాల ఎత్తు. అవి పొట్టకి తగులుతాయి.

ఇలా కొలవండి. కారు వీల్‌బేస్ బ్రోచర్‌లో ఉంటుంది, స్పోర్ట్స్ కార్లకి సుమారు 2.45 నుంచి 2.75 మీటర్లు. రెండు తొమ్మిదంగుళాల ఇటుకలు తీసుకుని దిమ్మకి అటొకటి ఇటొకటి, వీల్‌బేస్ అంత ఎడంగా రోడ్డు మీద నిలువుగా పెట్టండి. వాటి నెత్తి మీదుగా పురికొస బిగించి లాగి, కొసకీ దిమ్మ శిఖరానికీ మధ్య దూరం కొలవండి. నాలుగంగుళాలు వస్తే దిమ్మ ఐదంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లు లేచినట్టు. 120 క్లియరెన్స్ కారు గీసుకుంటుంది. ఇద్దరు ఎక్కితే, బ్రేకు తొక్కితే కారు ఇంకా కుంగుతుంది కాబట్టి 30 మిల్లీమీటర్లు అదనంగా మిగలాలి. ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న దిమ్మలన్నీ ఒక ఉదయం తెల్లవారుజామున, బండ్లు తక్కువ ఉన్నప్పుడు కొలిచేయొచ్చు. ఇంటి గేటు ర్యాంపు, కాలవ వంతెన ఎక్కుడు కూడా మర్చిపోవద్దు. అక్కడ తగిలేది ముందు బంపర్.

ముందు భాగాన్ని లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఆప్షన్ ఉంటే తప్పకుండా తీసుకోండి. 911లో అది ముక్కుని దాదాపు 40 మిల్లీమీటర్లు లేపుతుంది. ఫ్యాక్టరీలోనే పెట్టించాలి, తర్వాత పెట్టించడం ఖర్చుతో కూడిన తలనొప్పి. ఒక్కటి గుర్తుంచుకోండి, అది లేపేది ముందు వైపే. నడుము తగిలే దిమ్మకి దానివల్ల ఉపయోగం కొంతే.

దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, గడ్డి పరిచి ఉంటుంది. కింద ఎత్తు తక్కువున్న కారు ఎండుగడ్డి మీద ఆపితే వేడెక్కిన క్యాటలిటిక్ కన్వర్టర్ దాన్ని అంటించగలదు. ఆపకండి, అడుగున చిక్కిన గడ్డి పీకకుండా వదలకండి. భీమవరం వైపు రొయ్యల, చేపల లోడు బండ్లు కార్చే ఉప్పునీళ్లు చక్రాల బోల్టులకి, బ్రేక్ డిస్కులకి, అల్యూమినియం భాగాలకి చేటు. పదిహేను రోజులకోసారి అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి. తడి మీద కవరు కప్పొద్దు.

వరద లెక్క వేరే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లోనో ఏటిగట్టు పక్కనో ఇల్లుంటే రెండో హెచ్చరిక కోసం చూడకుండా మొదటి దానికే కారుని మెరక మీదికి చేర్చాలి. నీళ్లలో ఆగిన ఇంజన్ని మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సిలిండర్లోకి నీళ్లు పోయి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ లేకపోతే బీమా ఆ ఖర్చు ఇవ్వదు.

సర్వీసు, పెట్రోలు, కాగితాలు

మొదటి ఏడాది కారు వర్క్‌షాపుకి ఎక్కువసార్లు వెళ్తుంది. మీ బ్రాండ్ వర్క్‌షాపు విజయవాడలో ఉంటే పర్వాలేదు. విశాఖ అయితే ఆలోచించాలి. హైదరాబాదే దిక్కయితే మొదటి ఏడాది కారు వద్దని మా గట్టి సలహా. సేల్స్ వాళ్లని కాదు, సర్వీస్ మేనేజర్ని అడగండి: ఈ మోడల్ మీద ట్రైనింగ్ అయిన టెక్నీషియన్ మీ దగ్గరే ఉన్నాడా? ముందు బంపర్, అద్దం, సస్పెన్షన్ ఆర్మ్, ఒక టైరు ఆర్డరు పెడితే ఎన్నాళ్లకి వస్తాయి? బండి ఆగితే ఫ్లాట్‌బెడ్ మా ఊరిదాకా వస్తుందా, ఎంత దూరం వరకు ఉచితం? చివరి దానికి జవాబు కాగితం మీద తీసుకోండి. స్టెప్నీ లేని కార్లే ఎక్కువ, ఆ సైజు టైరు రాజమండ్రిలో రేపటికి దొరకదు.

పెట్రోలు మూత లోపల స్టిక్కర్ చూడండి. మన బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. స్టిక్కర్ మీద ఈ10 అని ఉంటే, ఈ20 వాడితే వారంటీ నిలుస్తుందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. నెలల తరబడి కదపని కారులో ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ జాగా ఉంటే మన తేమగాలికి ఇథనాల్ నీళ్లు లాక్కుంటుంది.

యానాం రిజిస్ట్రేషన్ సలహా ఎవరో ఒకరు తప్పక ఇస్తారు. పీవై-04 నంబరుతో పన్ను మిగులుతుందన్నది ఆశ. అక్కడ నిజంగా కాపురం లేకుండా తప్పుడు చిరునామా పెడితే అది నేరం. పన్నెండు నెలలు దాటి ఆంధ్రాలో తిప్పితే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి పన్ను కట్టాల్సిందే. ఆన్ రోడ్ ధరలో ఏపీ లైఫ్ ట్యాక్స్, పది లక్షలు దాటిన కారుకి వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగా వసూలు చేసే పన్ను) మొదటే వేసుకోండి. టీసీఎస్ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది.

బీమాలో ఐడీవీ (బీమా కంపెనీ మీ కారుకి కట్టే విలువ) ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం తగ్గుతుంది. కాబట్టి జీరో డెప్రిసియేషన్ (భాగాల తరుగు కోయకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) రెండూ ఉండాలి.

కారు వచ్చాక రిజిస్ట్రేషన్‌కి ముందే చూడాలి, తర్వాత చూస్తే మీ మాటకి బలం ఉండదు. ఫారం 21 (డీలర్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్)లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు మీది చివరి నాలుగంకెలు ఏ వారం, ఏ సంవత్సరమో చెప్తాయి, నాలుగు టైర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఆపి ఉంచిన బ్యాటరీ 12.4 వోల్టులకి తగ్గితే కారు చాన్నాళ్లు యార్డులో పడుండి ఉండొచ్చు, మార్చమనండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ పూర్తిగా పెట్టి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో ఉంచి టెంపరేచర్ చూడండి. డిక్కీ కార్పెట్ ఎత్తి కింద తడి ఉందేమో చేత్తో తడమండి. వాళ్ల స్కానర్ పెట్టించి ఫాల్ట్ కోడ్ల ప్రింటు, పెండింగ్ రీకాళ్లు ఏమైనా ఉన్నాయేమో ఆ వివరం తీసుకోండి.

కారు కంపెనీ పేరున కొనాలా, సొంత పేరునా అన్నది ఆక్వా, రైస్ మిల్లు వ్యాపారులకి ముఖ్యమైన ప్రశ్న. తరుగుదల కోసం కంపెనీ పేరు పెడతారు. లోపం వచ్చి వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే మాత్రం "వ్యాపార అవసరానికి కొన్నారు" అన్న వాదన ఎదుటివాళ్లకి దొరుకుతుంది. మొదటి ఏడాది కారుకి సొంత పేరే క్షేమం. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, అది దాటితే జాతీయ కమిషన్. అక్కడ పనికొచ్చేది జాబ్ కార్డే (సర్వీసుకి ఇచ్చినప్పుడు వర్క్‌షాపు రాసే కాగితం). ప్రతి ఫిర్యాదూ మీ మాటల్లోనే జాబ్ కార్డు మీద రాయించండి, "కస్టమర్ సంతృప్తి" అని వాళ్లు రాస్తే సంతకం పెట్టకండి.

రన్నింగ్ ఇన్ (కొత్త కారుని మొదట్లో అదుపుగా నడపడం) నియమం బ్రాండ్‌ని బట్టి మారుతుంది. బీఎండబ్ల్యూ ఎం కార్లకి 2,000 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ ఆయిలు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు మార్చే ప్రత్యేక సర్వీస్ ఉంది, అందాకా 5,500 ఆర్‌పీఎం దాటించకూడదు. పోర్షేకి అదుపుగా నడపాల్సిన దూరం 3,000 కిలోమీటర్లు. భీమవరం నుంచి విజయవాడ వెళ్లిరావడమే రెండు వందల కిలోమీటర్ల పైన కాబట్టి, 1,700 దగ్గరే ఎం కారు 2,000 కిలోమీటర్ల సర్వీస్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి.