మోడల్ రైల్వేలో గూడ్స్ వ్యాగన్లకు పని చెప్పడం: కొలత, కార్డు, వేబిల్

ప్రతి వ్యాగన్‌కూ ఒక కార్డు, అది ఎక్కడికి, ఏ సరుకుతో వెళ్లాలో చెప్పే వేబిల్ అనే చీటీ: మోడల్ రైల్వేలో గూడ్స్ నడపడానికి ఇదొక పద్ధతి. ఆ కార్డులు కత్తిరించే ముందు కొలత టేపు తీయండి. గూడ్స్ రాకపోకలు మొదలుపెట్టిన చాలా లేఅవుట్లు (మోడల్ పట్టాల అమరికలు) రెండు మూడు సెషన్లకే (బండ్లు నడిపే విడతలకే) ఎక్కడికక్కడ బిగుసుకుపోతాయి. తప్పంతా కార్డుల పద్ధతిదే అనుకుంటారు గానీ, అసలు కారణం వేరు. పట్టాల మీద ఉండాల్సిన దానికంటే ఎక్కువ వ్యాగన్లు ఉంటాయి. కొన్న ప్రతి వ్యాగన్‌నూ పట్టాలెక్కించాలని ఎవరికైనా ఉంటుంది. కానీ షంటింగ్‌కు, అంటే వ్యాగన్లను విడదీసి ఒక లైన్ నుంచి మరో లైన్‌కు మార్చడానికి, కావలసింది ఖాళీ జాగా. వ్యాగన్‌ను పెట్టడానికి చోటు లేకపోతే ఎంత చక్కగా రాసిన వేబిల్ అయినా వృథాయే.

మెయిన్ లైన్ నుంచి చీలి వ్యాగన్లను నిలిపే ప్రతి సైడింగ్‌నూ, చివర వ్యాగన్లను ఆపే బఫర్ నుంచి ఫౌలింగ్ మార్క్ దాకా కొలవాలి. పక్క లైన్‌లో బండి పోతుంటే తగలకుండా వ్యాగన్ నిలవగల ఆఖరి చోటే ఫౌలింగ్ మార్క్. దాన్ని కంటి అంచనాకు వదలొద్దు. మీ దగ్గరున్న అన్నిటికంటే వెడల్పాటి వ్యాగన్లు రెండు తీసుకుని, ఒకదాన్ని మెయిన్ మీద, ఇంకోదాన్ని సైడింగ్‌లో పెట్టి పాయింట్ల (పట్టాలు చీలే చోటు) వైపు నెమ్మదిగా జరపండి. రెండింటి మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల సందు మిగిలిన చోట స్లీపర్ మీద చిన్న తెల్ల చుక్క పెట్టండి. తర్వాత వ్యాగన్ పొడవు చూడాలి. 1:87 నిష్పత్తిలో ఉండే హెచ్‌ఓ స్కేల్‌లో 40 అడుగుల వ్యాగన్, ఒకదానికొకటి తగిలించే కప్లర్లతో కలిపి సుమారు 15.5 సెం.మీ., 50 అడుగులది 19 సెం.మీ. వరకూ వస్తుంది. 1:160లో ఉండే ఎన్ స్కేల్‌లో 40 అడుగులది 8.5 సెం.మీ. చిల్లర. ఈ అంకెల కంటే మీ వ్యాగన్లే పది తగిలించి, మొత్తం పొడవు కొలిచి పదితో భాగిస్తే నికరమైన లెక్క దొరుకుతుంది.

హెచ్‌ఓలో 90 సెం.మీ. సైడింగ్‌లో 40 అడుగుల వ్యాగన్లు ఐదు పడతాయి. అయినా సెషన్ మొదలయ్యేటప్పటికి అందులో మూడుకు మించి ఉండకూడదు. యార్డులో మూడింట రెండు వంతులు నిండితే చాలు, అంతకు మించితే ఒక వ్యాగన్‌ను బయటికి తీయడానికి మరో నాలుగింటిని కదపాల్సి వస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. యార్డులో ఆరేసి వ్యాగన్లు పట్టే లైన్లు నాలుగు, అంటే 24 చోట్లు. 15 వ్యాగన్లు పెట్టండి. స్టేషన్ల సైడింగులన్నీ కలిపి 18 చోట్లు. 9 లేదా 10 పెట్టండి. తెర వెనక బయటి ప్రపంచంగా పనిచేసే దాపుడు లైన్లు మూడు, ఒక్కోదానిలో ఏడేసి. రెండు లైన్లు నింపి మూడోది ఖాళీగా ఉంచండి, 14. మొత్తం దాదాపు 39 వ్యాగన్లు. మిగతావి అల్మరాలో ఉండనివ్వండి. నెలకు నాలుగైదు చొప్పున మారుస్తుంటే లేఅవుట్‌కు కొత్తదనం కూడా వస్తుంది.

కార్డు వ్యాగన్‌ది, వేబిల్ సరుకుది

ఈ రెండింటినీ వేరుగా ఉంచడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. కార్డు వ్యాగన్‌తో శాశ్వతంగా ఉంటుంది. వేబిల్ మారుతుంది.

కార్డు కోసం 5 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. పొడవు ఉన్న గట్టి అట్టముక్క తీసుకోండి. అడుగు నుంచి 4.5 సెం.మీ. మేర పైకి మడిచి, రెండు పక్కలా పారదర్శకమైన టేపు అతికిస్తే జేబు తయారవుతుంది. జేబు ముందు భాగంలో వ్యాగన్ నంబరు, రకం (కప్పు ఉన్నదా, ఓపెనా, ట్యాంకరా, ఫ్లాటా), రంగు రాయండి. రంగు రాయడం అనవసరం అనిపించవచ్చు. కానీ ఎన్ స్కేల్‌లో వ్యాగన్ పక్కన ముద్రించిన నంబరు మసక వెలుతురులో కనిపించదు. ‘ఎర్ర మట్టి రంగు, చివరి అంకెలు 417’ అని ఉంటే చేతులు కట్టుకుని నిలబడే గుర్తుపట్టవచ్చు. జేబు వెనక, పైకి కనబడే భాగంలో ‘ఖాళీ: యార్డుకు పంపాలి’ అని రాయండి. వేబిల్ పెడితే ఆ మాట దాని వెనక దాగుతుంది. తీసేస్తే బయటపడుతుంది. అంటే వేబిల్ లేని వ్యాగన్‌కు కూడా గమ్యం ఉంటుంది.

వేబిల్ 4.5 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు. నిలువుగా పట్టుకుని పై సగంలో 1వ ప్రయాణం రాయండి. కాగితాన్ని తలకిందులు చేసి, ఇప్పుడు పైకి వచ్చిన సగంలో 2వది. వెనక్కి తిప్పి అలాగే 3, 4. జేబులో పెడితే ఎప్పుడూ ఒక్క ప్రయాణమే కనబడుతుంది. ఒక కప్పు వ్యాగన్‌కు ఇలా ఉండవచ్చు:

1. రెండో స్టేషన్, ఫర్నిచర్ ఫ్యాక్టరీ. ఖాళీ, లోడింగ్‌కు.
2. తూర్పు దాపుడు లైన్. సరుకు: ఫర్నిచర్.
3. మొదటి స్టేషన్, ఎరువుల గోదాము. సరుకు: ఎరువుల బస్తాలు.
4. యార్డు. ఖాళీ.

ఒక ప్రయాణం ముగిసిన చోటే తర్వాతి ప్రయాణం మొదలవుతోందో లేదో సరిచూడండి. రెండోది వ్యాగన్‌ను తూర్పున వదిలింది కాబట్టి మూడోది తూర్పు నుంచి వచ్చే సరుకే కావాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. విడివిడిగా చూస్తే నాలుగూ సబబుగానే ఉంటాయి, వరసలో పెడితే అతకవు.

అన్ని వేబిల్లులనూ నాలుగు ప్రయాణాలతో రాయకండి. అన్నీ నాలుగే అయితే నాలుగు సెషన్లకోసారి చూసిన బండే మళ్లీ కనిపిస్తుంది. రెండు, మూడు, నాలుగు ప్రయాణాలవి కలిపి పెడితే, ప్రతి వేబిల్‌నూ సెషన్‌కోసారి తిప్పినా అదే అమరిక మళ్లీ రావడానికి పన్నెండు సెషన్లు పడుతుంది. వరసలో ఒక చోటు ఖాళీగా వదిలేస్తే అది మూడు ప్రయాణాల వేబిల్ అయిపోతుంది.

రాయడం అయ్యాక ఒక పెద్ద కాగితం మీద పరిశ్రమల పేర్లు నిలువుగా రాసుకుని, ఒక్కోదానికి ఎన్ని వేబిల్లులు వ్యాగన్లను పంపుతున్నాయో గీతలు పెట్టి లెక్కేయండి. రెండు వ్యాగన్లు పట్టే గోదాముకు తొమ్మిది వేబిల్లులు దారి చూపిస్తుంటే, ఏదో ఒక రోజు నాలుగు వ్యాగన్లు ఒకేసారి వచ్చి మెయిన్ మీద నిలబడతాయి. ఓపెన్ వ్యాగన్లకు ఇంకో చిక్కుంది. వేబిల్ బొగ్గు అంటుంటే పెట్టె ఖాళీగా కనిపించకూడదు. తీసి పెట్టే లోడ్లు చేసుకోవచ్చు, అయితే ప్రతిసారీ చేత్తో మార్చాలి. బొగ్గు గనినీ పవర్ స్టేషన్‌నూ తెరకు అటూ ఇటూ వీపులు ఆనించినట్టు పెట్టి, రెండింటి లైన్లనూ తెర వెనక కలిపేస్తే ఆ బాధ ఉండదు. గనిలోకి నెట్టిన ఖాళీలు పవర్ స్టేషన్ వైపు ఖాళీలుగానే బయటికొస్తాయి. పవర్ స్టేషన్‌లోకి వెళ్లిన లోడ్లు గని వైపు లోడ్లుగా వస్తాయి. గని నుంచి ఎప్పుడూ బొగ్గే బయలుదేరుతుంది.

ప్రతి స్టేషన్ దగ్గర లేఅవుట్ అంచున మూడు అరల పెట్టె బిగించండి. అరల మీద ‘దించాల్సినవి’, ‘ఎత్తాల్సినవి’, ‘ఆగినవి’ అని చీటీలు అతికించండి. బండితో వచ్చిన కార్డు దించాల్సిన అరలో పడుతుంది. వ్యాగన్‌ను దాని చోట నిలిపాక ఆగినవాటిలోకి మారుతుంది. సెషన్ అయ్యాక మాత్రమే వేబిల్ తిప్పి, ఎత్తాల్సినవాటిలో పెట్టాలి. పెట్టీ పెట్టగానే తిప్పేస్తే అదే రోజు ఇంకో బండి వచ్చి దాన్ని లాక్కుపోతుంది. సరుకు దించడానికి టైం ఎక్కడుంది? సిమెంట్ ట్యాంకర్ లాంటివి కావాలంటే రెండు సెషన్లు ఆగినవాటిలోనే ఉండనివ్వండి.

బండిని కూర్చడం

గూడ్స్ ఎంత పొడవుండాలో నిర్ణయించేది ఇంజన్ బలం కాదు, దారిలో అన్నిటికంటే పొట్టి లూప్, అంటే మెయిన్ నుంచి చీలి మళ్లీ దానిలోనే కలిసే పక్క లైన్. లూప్‌లో ఆరు వ్యాగన్లు పడితే, అక్కడ ఇంజన్ రెండో కొసకు మారాల్సిన ప్రతి బండికీ ఆరే హద్దు. ఆరింటిలో స్టేషన్‌కు రెండు చొప్పున దించి, రెండు ఎత్తుకుంటే మూడు స్టేషన్ల లోకల్ గూడ్స్‌కు సరిపోతుంది.

ఇక సైడింగ్ ఏ వైపుకు తెరుచుకుంటుందో చూడాలి. పాయింట్లు దాటి ఆగి, వెనక్కి నెడితే లోపలికి వెళ్లే సైడింగ్ తేలిక. ఆ వ్యాగన్ ఇంజన్ వెనకే ఉంటే చాలు. వ్యాగన్ వెనక విడదీసి, ముందుకు లాగి, పాయింట్లు మార్చి, నెట్టండి. ముందుకు పోతుంటేనే నేరుగా తెరుచుకునే సైడింగ్ అలా కాదు. ఇంజన్ ముందుగా దూరితే, బఫర్‌కూ వ్యాగన్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు బండిని లూప్‌లో ఒక లైన్ మీద నిలిపి, ఇంజన్‌ను రెండో లైన్ మీదుగా వెనక కొసకు తేవాలి. అక్కడ చివరి వ్యాగన్‌ను తగిలించుకుని లూప్ బయటికి వెనక్కి లాగి, ఖాళీ లైన్ గుండా ముందుకు నెట్టుకుంటూ సైడింగ్‌లో పెట్టాలి. అందుకని ఈ రకం సైడింగ్‌కు వెళ్లే వ్యాగన్లు బండి తోకన ఉండాలి, మిగతావి ఇంజన్ వెనక స్టేషన్ల వరసలో. లోకల్ గూడ్స్ తిరుగు ప్రయాణం కూడా చేస్తుంటే ఈ కష్టమే పడక్కర్లేదు. వెళ్లేటప్పుడు ఎదురయ్యే సైడింగ్, వచ్చేటప్పుడు వెనక్కి నెట్టే సైడింగ్ అవుతుంది. దాన్ని అప్పటికి ఉంచేయండి.

సైడింగ్‌లో పాత వ్యాగన్ ఉంటే ముందు దాన్ని తీయాలి. చోటు లేక కొత్తదాన్ని దించలేకపోతే పక్క లైన్‌లో ఆపి, దాని కార్డును దించాల్సిన అరలోనే అడ్డంగా పెట్టండి. అడ్డంగా ఉన్న కార్డు చూస్తే తర్వాత వచ్చే డ్రైవర్‌కు పని మిగిలుందని అర్థమవుతుంది.

చోటు మరీ తక్కువా? ఇంగిల్‌నుక్ అమరిక చూడండి. ఐదు, మూడు, మూడు వ్యాగన్లు పట్టే మూడు లైన్లు, ఇంజన్‌తో పాటు మూడు వ్యాగన్లు పట్టే ఒక షంటింగ్ లైన్. మొత్తం వ్యాగన్లు ఎనిమిది. కార్డులు కలిపి ఐదు తీసి, ఆ వరసలోనే బండి కూర్చాలి. రాగల వరసలు 6,720. ఒక అల్మరా అర మీద ఇది ఏళ్ల తరబడి విసుగు పుట్టించదు.

వ్యాగన్ నమ్మకంగా కదలకపోతే ఇదంతా దండగ. షంటింగ్‌లో పట్టాలు తప్పేవి చాలావరకు తేలిక వ్యాగన్లే, అదీ వెనక్కి నెట్టేటప్పుడు. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓలో 28 గ్రాములకు తోడు పొడవులో ప్రతి సెంటీమీటరుకు 5.6 గ్రాములు ఉండాలి. 15 సెం.మీ. వ్యాగన్ 112 గ్రాములు తూగాలి. ఎన్ స్కేల్‌లో 14 గ్రాములు, ఆపైన సెంటీమీటరుకు 1.7. కప్లర్ల ఎత్తును గేజ్‌తో చూడండి. ఒకటి కాస్త కిందికి వాలినా ఎత్తుపల్లం వచ్చిన చోట విడిపోతుంది. ఒకే సెషన్‌లో రెండుసార్లు పడిపోయిన వ్యాగన్ వేబిల్ తీసేసి, ‘రిపేర్’ అని రాసిన ఎర్ర చీటీ పెట్టి పక్కకు తీసేయండి.

కార్డులు అందరికీ నచ్చవు. బండితో పాటు కట్ట మోయాలి, లేఅవుట్ మీద పరచొద్దని అందరికీ చెప్పాలి. అలాంటప్పుడు షంటింగ్ జాబితా మేలు. ఏ స్టేషన్‌లో ఏది దించాలి, ఏది ఎత్తాలి అన్నది ఒకే కాగితం మీద ఉంటుంది. మోడల్ రైల్వేల కోసం ఉచితంగా దొరికే జేఎమ్‌ఆర్‌ఐ సాఫ్ట్‌వేర్‌లోని ఆపరేషన్స్ భాగం ఇలాంటి జాబితాలు తయారుచేస్తుంది. సైడింగుల పొడవులు సరిగా ఇస్తే పట్టనన్ని వ్యాగన్లను పంపదు. అయితే వ్యాగన్ నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు, మీరు చెప్పిందే నమ్ముతుంది. చేత్తో ఒక వ్యాగన్ తీసి ఇంకో చోట పెట్టి చెప్పకపోతే, తర్వాతి జాబితా తప్పుతుంది. 40 వ్యాగన్ల లోపు లేఅవుట్‌కు కార్డులతోనే మొదలుపెట్టండి. తప్పు ఎక్కడ జరిగిందో చేతిలోనే కనబడుతుంది.

సెషన్ ముగిసిన రోజే, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, కార్డుల కట్టతో లేఅవుట్ చుట్టూ ఒకసారి నడవండి. యార్డులో మొదలుపెట్టి ఒక్కో లైన్‌లోని వ్యాగన్‌నూ దాని కార్డుతో సరిపోల్చండి. కార్డు మిగిలి వ్యాగన్ కనబడకపోతే అది సాధారణంగా పక్క స్టేషన్‌లోనో దాపుడు లైన్‌లోనో దొరుకుతుంది. ఆ తర్వాతే ఆగినవాటి వేబిల్లులు తిప్పండి. దాపుడు లైన్లకు చేరిన బండ్ల వేబిల్లులు కూడా అప్పుడే తిప్పి, ఇంజన్‌ను రెండో కొసకు మార్చి, కార్డుల కట్టను వ్యాగన్ల వరసలో సర్ది రబ్బరు బ్యాండు వేయండి.