గాజు పోగుల కూర్పు: 4వ పాఠం – కలిపే ఆక్సైడ్ల జమాఖర్చు

కిందటి పాఠంలో రెండు ఉష్ణోగ్రతలు నేర్చుకున్నాం. కరిగిన గాజు పోగు లాగడానికి తగినంత పలచబడే ఉష్ణోగ్రత మొదటిది. అక్కడ స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం, 1,000 పాయిజ్ ఉంటుంది (పాయిజ్ దాని కొలమానం). దీన్ని మనం లాగుడు ఉష్ణోగ్రత అంటున్నాం. రెండోది లిక్విడస్. చల్లబడుతున్న ద్రవంలో స్ఫటికాలు పుట్టడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మొదటిది రెండోదానికంటే కనీసం 50 డిగ్రీలైనా పైన ఉండాలి, లేదంటే బుషింగ్ (పోగులు దిగే రంధ్రాలున్న ప్లాటినం పళ్లెం) రంధ్రాల దగ్గర పలుకులు కట్టి పోగు తెగుతుంది. చక్కెర పాకంలో ఒక్క పలుకు మిగిలినా దాని చుట్టూ మిగతాదంతా గడ్డకట్టడం వంటింట్లో చూసే ఉంటారు. ఒక కిలో మామూలు రకం పోగు గాజు, అంటే ఈ-గ్లాస్‌ను 10 మైక్రాన్ల మందంతో లాగితే దాదాపు 5,000 కిలోమీటర్ల పోగు వస్తుంది. అంత పొడవునా ఎక్కడా పలుకు అడ్డుపడకూడదు.

ఒక కూర్పును చూసి, అది లాగడానికి ఎంత మొండికేస్తుందో కొలిమి వెలిగించకముందే అంచనా వేయడం ఈ వారం నేర్చుకుందాం. కాగితం, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఈ పాఠం వంటబట్టదు, లెక్క చేతితో చేయాలి.

ఎస్-గ్లాస్‌తో, అంటే ఎక్కువ బలం కోసం చేసే పోగు గాజుతో, మొదలుపెడదాం. ఇందులో బరువు ప్రకారం సిలికా (సిలికాన్ ఆక్సైడ్) 65, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 25, మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) 10 శాతం. కొలిమిలో వేయడానికి ఈ బరువులు కావాలి. కానీ గాజు లోపల పరమాణువులు జతకూడేది సంఖ్యలను బట్టి. అందుకే 100 గ్రాముల గాజులో ఒక్కో ఆక్సైడ్ ఎన్ని గ్రాములుందో చూసి, దాన్ని అణుభారంతో భాగించి, 1,000తో గుణించండి. అణుభారాలు ఇవి: సిలికా 60.1, అల్యూమినా 102, సున్నం (కాల్షియం ఆక్సైడ్) 56.1, మెగ్నీషియా 40.3. వచ్చేవి మిల్లీమోల్స్, అంటే సంఖ్యను చెప్పే కొలత. ఎస్-గ్లాస్‌లో అల్యూమినా 245, మెగ్నీషియా 248 వస్తాయి.

ఆ రెండు అంకెలూ దాదాపు సమానం. ఈ పాఠానికి ఆయువుపట్టు ఇదే, ఇక్కడ కాసేపు ఆగుదాం.

గాజు వల అల్లిక సిలికాది. ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి. ఒక్కో ఆక్సిజన్ రెండు సిలికాన్ల మధ్య వంతెనలా నిలుస్తుంది. అల్యూమినియం కూడా సిలికాన్ స్థానంలో కూర్చోగలదు. కాకపోతే సిలికాన్‌కు నాలుగు ధనావేశాలుంటే దీనికి మూడే. అంటే కూర్చున్న ప్రతి అల్యూమినియం ఒక ఆవేశం అప్పు పడుతుంది. మెగ్నీషియం, కాల్షియం రెండేసి ఆవేశాలతో వచ్చి ఇద్దరి అప్పు తీరుస్తాయి. ఒక అల్యూమినాలో ఉండేది రెండు అల్యూమినియంలే కాబట్టి, ఒక మెగ్నీషియా లేదా ఒక సున్నం ఒక అల్యూమినా అప్పును సరిగ్గా తీరుస్తుంది.

అప్పు తీరాక ఇంకా మిగిలితే? ఆ మిగులు ఆక్సైడ్ ఒక్కొక్కటి ఒక వంతెనను తెంపి రెండు వదులు కొసలు చేస్తుంది. కొసలు పెరిగేకొద్దీ ద్రవం తేలిగ్గా పారుతుంది, కానీ వల బిగువు తగ్గుతుంది. కాబట్టి మన సూత్రం ఇది: సున్నం, మెగ్నీషియా మొత్తంలోంచి అల్యూమినాను తీసేస్తే వచ్చేది మిగులు.

ఎస్-గ్లాస్ మిగులు 3. అంటే వదులు కొసలు లేనట్టే. అందుకే దాని ఒంటరి పోగు బలం సుమారు 4.6 గిగాపాస్కల్స్ (లాగినప్పుడు తెగకుండా తట్టుకునే బలానికి కొలమానం), అందుకే దాని లాగుడు ఉష్ణోగ్రత సుమారు 1,560 డిగ్రీలు. ఆ బలానికీ ఆ మొండితనానికీ మూలం ఒక్కటే. బుషింగ్‌లోని ప్లాటినం 1,768 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రోడియం కలిపి గట్టిచేసినా 1,560 దగ్గర ఆ పళ్లెం మెల్లగా కుంగుతూ ఉంటుంది. ఎస్-గ్లాస్ ఖరీదు కావడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు పాత తరహా ఈ-గ్లాస్: సిలికా 54, అల్యూమినా 14, సున్నం 22, బోరాన్ ఆక్సైడ్ 10. సున్నం 392, అల్యూమినా 137, మిగులు 255. లాగుడు ఉష్ణోగ్రత సుమారు 1,200కి దిగింది. బలం కూడా 3.4 గిగాపాస్కల్స్ దగ్గరికి తగ్గింది.

ఈ రెండింటి మధ్య ఉన్నది ఆర్-గ్లాస్: సిలికా 60, అల్యూమినా 25, సున్నం 9, మెగ్నీషియా 6. దీని మిగులు మీరే కట్టండి, తర్వాతే కింది వాక్యం చదవండి.

160కి 149 కలిపి 245 తీసేస్తే 64. లాగుడు ఉష్ణోగ్రత సుమారు 1,410. ఎస్-గ్లాస్‌తో పోల్చి చూడండి. అల్యూమినాను ముట్టుకోలేదు. సిలికా 5 తగ్గింది, మెగ్నీషియాలో కొంత పోయి ఆ చోట సున్నం వచ్చింది. అంతమాత్రానికే 150 డిగ్రీలు దిగింది. బలమైన పోగు కావాలి, ఫ్యాక్టరీలో రోజూ తీయగలగాలి అనుకునేవారు ఈ ప్రాంతం నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. అయితే దీని లిక్విడస్ సుమారు 1,330. తేడా 80 డిగ్రీలే, కాబట్టి జాగ్రత్తగా అడుగు వేయాలి. సున్నం, మెగ్నీషియా పాళ్లు మార్చినప్పుడల్లా లిక్విడస్‌ను మళ్లీ కొలవాల్సిందే, ఈ జమాఖర్చు దాన్ని చెప్పదు.

ఇది ముతక లెక్క అని కూడా గుర్తుంచుకోండి. మెగ్నీషియా ఎక్కువున్న గాజులో కొన్ని అల్యూమినియంలు నాలుగు ఆక్సిజన్లతో ఆగకుండా ఐదింటిని పట్టుకుంటాయి. ఏ దిశలో నడుస్తున్నామో తెలుసుకోవడానికి మాత్రం ఈ లెక్క బాగా పనికొస్తుంది.

ఇంటిపని రెండు లెక్కలు. ఒకటి: ఆర్-గ్లాస్‌లో అల్యూమినాను 25 నుంచి 20కి తగ్గించి, ఆ 5 శాతం సిలికాకు ఇవ్వండి. మిగులు ఎంత పెరిగింది? రెండు: కొలిమి పొగలో బోరాన్ బయటికి పోకుండా ఉండాలని 1990ల చివర బోరాన్ లేని ఈ-గ్లాస్ తెచ్చారు. సిలికా 60, అల్యూమినా 13, సున్నం 22, మెగ్నీషియా 3, మిగతాది చిల్లర ఆక్సైడ్లు అనుకోండి. మిగులు 339 వస్తుంది, పాత ఈ-గ్లాస్ కంటే ఎక్కువ. మన సూత్రం ప్రకారం ఇది ఇంకా తేలిగ్గా పారాలి. కానీ దీని లాగుడు ఉష్ణోగ్రత సుమారు 1,260, అంటే 60 డిగ్రీలు పైకి పోయింది. పాత గాజులో బోరాన్ ఏం చేసి ఉంటుందో ఆలోచించి రాసిపెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.